ధైర్యము తెచ్చుకొనుట: ఒక పలుకుబడి పుట్టుపూర్వోత్తరములు

ఇంగ్లీషు భాషలో 'టేక్ హార్ట్' అను పలుకుబడి కలదు. మాటకు మాట తెలుగు చేసినచో 'గుండె తీసికొనుము' అని వచ్చును. మన భాషలో గుండెలు తీయువాని సంగతి వేరు. 'గుండెలు తీసిన బంటు' అని ఎవరినైన అన్నచో అది వానిని మెచ్చుకొనుట కాదు. ఇంగ్లీషువారు మాత్రము ఈ మాటను క్రుంగిపోయిన వానితోను, పని చెడిన వానితోను, మంచము పట్టిన వానితోను అందురు. మనము 'ధైర్యము తెచ్చుకో', 'గుండె దిటవు చేసికో' అన్నట్లే. ఇంగ్లీషు బైబిలు చదువు అలవాటున్న మన సంఘస్థులకు ఇది క్రొత్త మాట కాదు. అయితే అది ఏ దారిని వచ్చినదో, దానికి మన తెలుగు మాటకు గల సంబంధమేమో ఎరిగినవారు తక్కువ. శతవార్షిక సంచికలో దేవాలయముల చరిత్రయు, బిషప్పుల చరిత్రయు వ్రాయువారు అనేకులుందురు గనుక నేను ఈ చిన్న మాట చరిత్రను చెప్పదలచితిని.

ఇందుకు ఇంకొక కారణమును కలదు. ఈ మాటను మనము మిక్కిలి చౌకగా వాడుచున్నాము. చావు జరిగిన ఇంటికి వెళ్ళుదుము. గుమ్మములో నిలిచి 'ధైర్యము తెచ్చుకోండమ్మా' అందుము. బస్సు వేళయైనదని వచ్చివేయుదుము. ఆమె దానిని ఎక్కడ నుండి తెచ్చుకోవలెనో చెప్పము. ఆ ప్రశ్నకు జవాబు ఈ మాట చరిత్రలోనే ఉన్నదని నా అభిప్రాయము.

గుండెను ధైర్యమునకు నివాసముగా తలచుట ఇంగ్లీషువారికే చెందిన తలంపు కాదు. గుండె జారినది, గుండె నిబ్బరము, గుండెగల మనిషి అని మనమును అనుచునే ఉన్నాము. లాటినులో గుండెకు 'కోర్' అని పేరు. దాని నుండి ఫ్రెంచివారి ద్వారా 'కరేజ్' అను మాట వచ్చినది. ఆ 'కరేజ్'ను ఒకని లోపల పెట్టుటయే 'ఎన్‌కరేజ్' చేయుట. ప్రతి ఆదివారము మనము పలుకు విశ్వాస ప్రమాణమునకు లాటినులో మొదటి మాట 'క్రేదో'. అదియు, మన 'శ్రద్ధ' అను మాటయు ఒకే మూలము నుండి పుట్టినవనియు, రెండింటిలోను గుండె దాగియున్నదనియు శబ్దశాస్త్రజ్ఞులు పలువురు చెప్పుదురు. ఇక మాంసపు అంగడిలో గుండె, కార్జము, ఊపిరితిత్తులు కలిపి ఇంగ్లీషువారు 'ప్లక్' అందురు. 18వ శతాబ్దపు చివరి భాగములో ఆ మాటకే ధైర్యమను అర్థము వచ్చినది. అంగడి మాటలకు ఇట్టి అదృష్టము అప్పుడప్పుడు పట్టుచుండును.

క్రొత్త నిబంధన మూలభాషయైన గ్రీకులో ఇందుకు వాడబడిన క్రియ 'థర్సేయో'. సంస్కృతములో 'ధృష్' అను ధాతువు దీనికి దగ్గర చుట్టము; మనము తెంపరిని ధృష్టుడు అనుట అందువలననే. ఇంగ్లీషువారి 'డేర్' అను మాటయు ఈ కుటుంబములోనిదే. ధైర్యము తెచ్చుకొమ్మను ఆజ్ఞగా ఈ క్రియ నేటి గ్రీకు ప్రతులలో ఏడు చోట్ల మాత్రమే కనబడును. పక్షవాయువు గలవానితో, రక్తస్రావము గల స్త్రీతో, సముద్రము మీద భయపడిన శిష్యులతో (ఇది ఇద్దరు సువార్తికులు వ్రాసిరి), కడరాత్రి భోజనపు బల్ల యొద్ద, చెరలోనున్న పౌలుతో. ఈ ఆరు చోట్లను పలికినవాడు ప్రభువే. ఏడవ చోట మాత్రము జనులు పలికిరి. యెరికో దారిలో గ్రుడ్డివాడైన బర్తిమయి కేకలు వేయుచుండగా ఊరకుండుమని గద్దించినవారే, ప్రభువు నిలిచి పిలిచిన వెంటనే స్వరము మార్చి, ధైర్యము తెచ్చుకొనుమని వానికి చెప్పిరి. జనుల స్వభావమును మార్కు ఎంత బాగుగ పట్టుకొనెనో చూడుడి.

ఈ క్రియకు సంబంధించిన నామవాచకము 'థర్సొస్'. ఇది క్రొత్త నిబంధన మొత్తములో ఒక్కసారియే వచ్చినది. అపొస్తలుల కార్యముల కడపటి అధ్యాయములో, పౌలు దానిని 'తీసికొనెను' అని లూకా వ్రాసెను. ఇంగ్లీషువారు గుండెను తీసికొనుటకు చాల పూర్వమే గ్రీకులో ధైర్యమును తీసికొనుట ఉన్నదన్నమాట. ఆ ఘట్టము దగ్గర కొంచెము ఆగవలెను.

అది క్రీ.శ. 60 ప్రాంతము. పౌలు ఖైదీగా రోమాకు వచ్చుచున్నాడు. ఓడ బ్రద్దలగుటకు ముందు, పదునాలుగు రాత్రులు తుపానులో కొట్టుకొనిపోవుచుండగా, ఓడలోనున్న 276 మందికి ధైర్యము చెప్పినవాడు అతడే. రోమాలో సాక్ష్యమీయవలెనని ప్రభువు రాత్రివేళ అతని యొద్ద నిలిచి చెప్పియుండెను. అంతకు సుమారు మూడేండ్ల క్రితమే అతడు రోమా సంఘమునకు పెద్ద పత్రిక వ్రాసి, మిమ్మును చూడగోరుచున్నానని, మీ విశ్వాసముచేత నేనును నా విశ్వాసముచేత మీరును ఆదరణ పొందవలెనని తెలిపెను. అట్టివాడు ఇప్పుడు పొతియొలీ రేవులో దిగి, ఏడు దినములు సహోదరుల యొద్ద ఉండి, సంకెళ్ళతో అప్పియా రహదారిని నడచుచున్నాడు. ఆ పత్రిక చదివినవారు ఏమనుకొన్నారో, ఒక ఖైదీని తమవాడని చెప్పుకొనుటకు సిగ్గుపడుదురో ఏమో అను తలంపు అతనికి కలుగలేదని ఎవరు చెప్పగలరు?

అయితే వారు వచ్చిరి. కొందరు త్రిసత్రముల వరకు, అనగా రోమాకు సుమారు 30 మైళ్ళ దూరము. కొందరు ఇంకను ముందుకు సాగి అప్పియా సంతపేట వరకు, సుమారు 40 మైళ్ళు. ఆ సంతపేట పడవవారితోను, పిసినారి సత్రపువారితోను నిండినదని హోరేసు అను లాటిను కవి ఎగతాళి చేసెను. చిత్తడి నేలల ప్రక్కన దోమల ఊరు. అక్కడ వారిని చూచి పౌలు దేవునికి స్తోత్రము చెల్లించి ధైర్యము తీసికొనెను. వారు ఏమి మాటలాడిరో లూకా ఒక్క ముక్కయైన వ్రాయలేదు. వారి పేర్లును వ్రాయలేదు. వారిని చూచెను అని మాత్రమే వ్రాసెను. ప్రభువు వాగ్దానము చేతిలోనున్నవానికి సయితము మనుష్యుల ముఖములు కావలసియుండెను. పౌలు దిగులుపడెనని లూకా అంతకు ముందు ఎక్కడను చెప్పలేదు. ఈ ఒక్క మాటచేతనే ఆ దిగులు మనకు తెలియుచున్నది.

ఇక ఇంగ్లీషు సంగతికి వత్తము. 'హార్ట్' అను మాట ఇంగ్లీషువారి సొంత మాట. 'కరేజ్', 'కంఫర్ట్', 'చీర్' అను మూడును ఫ్రెంచి మాటలు. ఇవి ఇంగ్లీషులో చేరుటకు దారి తెరచినది 1066 అక్టోబరు 14న జరిగిన హేస్టింగ్స్ యుద్ధము. ఆ దినమున నార్మండీ ప్రభువైన విలియం ఇంగ్లండు రాజైన హెరాల్డును జయించెను. తరువాత కొన్ని తరముల వరకు అక్కడ పాలకుల భాష ఫ్రెంచి. ఆ యుద్ధకథను సుమారు 70 మీటర్ల పొడవుగల నారగుడ్డ మీద ఊలుదారముతో బొమ్మలుగా కుట్టియుంచిరి. దానిని 'బేయో' తెర అందురు. ఆ బొమ్మల క్రింద, మీద లాటిను మాటలున్నవి.

అందులో ఒకచోట విలియం సవతి తమ్ముడైన ఓడో బిషప్పు గుఱ్ఱమెక్కి, దుడ్డుకర్ర ఎత్తి పట్టుకొని కనబడును. పడుచువాండ్రను ఆయన 'కంఫర్ట్' చేయుచున్నాడని దానిమీది లాటిను వ్రాత అర్థము. ఇది చూచి నేటివారు నవ్వుదురు. బిషప్పుగారి ఓదార్పు దుడ్డుకర్రతోనా? కాని ఆ మాటకు అసలు అర్థము ఓదార్చుట కాదు. 'ఫోర్తిస్' అనగా బలము. బలము కూర్చుటయే 'కంఫర్ట్'. వెనుదీయుచున్నవారిని మరల నిలువబెట్టుటయే ఆయన చేసిన పని. రక్తము చిందించుట గురువులకు నిషిద్ధము గనుక కత్తికి బదులు కర్ర పట్టెనని కొందరు వివరింతురు. కర్రదెబ్బకు రక్తము రాదని వారికి ఎవరు చెప్పిరో!

ఆ ప్రక్క బొమ్మ మనకు ఇంకను ముఖ్యము. విలియం చచ్చెనని వదంతి పుట్టి అతని సేన చెదరసాగినది. అప్పుడతడు శిరస్త్రాణమును పైకెత్తి తన ముఖమును చూపెను. సేన మరల కూడుకొనెను. ఇచ్చట 'చీర్' అను మాట జ్ఞాపకము చేసికొనవలెను. ఆ మాటకు మొదటి అర్థము ముఖమే. పాత ఫ్రెంచిలో 'చియేర్' అనగా ముఖము. 'బీ ఆఫ్ గుడ్ చీర్' అనగా మొదట మంచి ముఖముతో ఉండుమని; పిమ్మట మంచి మనస్సుతో ఉండుమని. మనమును 'ముఖము చిన్నబోయినది', 'ముఖము విచ్చుకొన్నది' అందుము కదా. మనస్సు సంగతి ముఖము చెప్పునని అన్ని దేశములవారికిని తెలిసినదే.

ఈ 'చీర్'ను సువార్తలలో స్థిరపరచినవాడు విలియం టిండేలు. అంతకు ముందు 14వ శతాబ్దములో వైక్లిఫ్ పేరిట వెలువడిన ఇంగ్లీషు బైబిలు లాటిను నుండి చేయబడినది. అందులో నమ్మికయుంచుమను మాట వాడిరి. టిండేలు గ్రీకు చూచి తర్జుమా చేసెను. 1526లో జర్మనీలోని వోర్మ్స్ పట్టణములో అది అచ్చయి, గుడ్డల బేళ్ళలో దాగి ఇంగ్లండు చేరినది. దొరికిన ప్రతులను లండనులో తగులబెట్టిరి. 1535లో టిండేలు ఆంట్వర్పులో పట్టువడెను. చెరలో చలికాలమున అతడు అధికారికి వ్రాసిన లాటిను ఉత్తరము నేటికిని నిలిచియున్నది. జలుబుతో తల బాధించుచున్నది, వెచ్చని టోపీ ఒకటి కావలెను. వెచ్చని అంగీ కావలెను. సాయంకాలము చీకటిలో ఒంటరిగా కూర్చుండుట కష్టము, దీపమొకటి కావలెను. వీటన్నిటికంటె హెబ్రీ బైబిలు, వ్యాకరణము, నిఘంటువు కావలెను. లోకమునకు ధైర్యపు మాట ఇచ్చినవాని కోరికలివి. 1536 అక్టోబరులో అతని గొంతు బిగించి చంపి, దేహమును కాల్చిరి. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలు అతని మాటనే అయిదు చోట్ల నిలిపినది. బర్తిమయి కథలోను, రక్తస్రావము గల స్త్రీ కథలోను మాత్రము 'బీ ఆఫ్ గుడ్ కంఫర్ట్' అని ఉన్నది.

ఈ కడపటి మాట వినగానే ఇంగ్లండు సంఘ చరిత్ర చదివినవారికి ఆక్స్‌ఫర్డు జ్ఞాపకమునకు వచ్చును. మేరీ రాణి ఏలుబడిలో 1555 అక్టోబరు 16న లాటిమరు, రిడ్లీ అను ఇద్దరు బిషప్పులను అక్కడ ఒకే కొయ్యకు కట్టి కాల్చిరి. (తరువాత ఎలిజబెతు రాణి కాలములో కతోలిక గురువులును ఉరికంబమెక్కిరి, ఆ శతాబ్దములో ఏ పక్షమువారి చేతులును శుభ్రముగా లేవు.) ముసలి లాటిమరు రిడ్లీతో పలికిన ధైర్యవచనమును, ఆరని దీపము మాటను ఎరుగనివారు అరుదు. జాన్ ఫాక్సు వ్రాసిన హతసాక్షుల చరిత్రలో ఆ మాటలు 1563 నాటి మొదటి ముద్రణలో లేవు; 1570 నాటి ముద్రణలో చేరినవి. రెండవ శతాబ్దములో స్ముర్న బిషప్పైన పోలికార్పు రంగస్థలములో అడుగిడునప్పుడు వినబడెనని చెప్పు పరలోక స్వరమునకును వీటికిని చాల పోలిక ఉన్నది. కనుక అవి లాటిమరు నోటి మాటలేనా అని చరిత్రకారులు సందేహింతురు. ఆ సందేహము న్యాయమైనదే.

నా మనస్సును పట్టినది ఆ ప్రసిద్ధ వాక్యము కాదు, అంతకు ముందు జరిగినదని ఫాక్సు చెప్పినది. ఆ దినమున మొదట ధైర్యము చెప్పినవాడు రిడ్లీ. వెనుక నడచి వచ్చిన లాటిమరు దగ్గరకు రిడ్లీ పరుగెత్తి, కౌగిలించి ముద్దుపెట్టుకొని, సహోదరుడా గుండె నిబ్బరముతో ఉండుము, దేవుడు మంటనైన చల్లార్చును, లేక ఓర్చుకొను బలమునైన ఇచ్చును అను భావము వచ్చునట్లు చెప్పెను. అక్కడ వాడిన మాట 'హార్ట్'. అట్లు ధైర్యము చెప్పిన రిడ్లీకే మంటలో ధైర్యము కావలసి వచ్చెను. లాటిమరు త్వరగా ప్రాణము విడిచెను. రిడ్లీ వైపు కట్టెలు క్రిక్కిరిసియుండి మంట పైకి లేవక, కాళ్ళు మాత్రము కాలెను. అతని బావ త్వరగా ముగియవలెనను దయతో ఇంకను కట్టెలు వేసెను. దానివలన బాధ మరింత హెచ్చెను. ధైర్యవచనము వలన బాధ తగ్గెనని ఫాక్సు కూడ చెప్పలేదు. అయితే ఆ వచనము చెప్పినవాడు అదే కొయ్యకు కట్టబడియుండెను. గుమ్మములో నిలిచి చెప్పి బస్సెక్కినవాడు కాడు.

20వ శతాబ్దములో 'చీర్' అను మాట పండుగ సంబరపు మాటగా పలుచబడినది. 'కంఫర్ట్' మెత్తని కుర్చీకి దిగినది. కనుక తర్జుమాదారులు వేరు మాట వెదకవలసి వచ్చినది. అమెరికాలో 1946లో వెలువడిన సవరించిన క్రొత్త నిబంధనలో పలుచోట్ల 'టేక్ హార్ట్' అని పెట్టిరి. కడరాత్రి మాటలలో మాత్రము పాత 'చీర్'నే ఉంచిరి. అనేకులకు కంఠస్థమైన మాటను కదల్చుటకు జంకిరి కాబోలు. 1970ల నాటి న్యూ ఇంటర్నేషనల్ తర్జుమా అక్కడను 'టేక్ హార్ట్' చేర్చినది. ఇట్లు ముఖము, బలము చుట్టి తిరిగి ఇంగ్లీషువారు తమ సొంత మాటయైన గుండెకు వచ్చిరి.

మన తెలుగు బైబిలులో 'తెచ్చుకొను' అను క్రియ వాడబడినది. ఇది నాకు ఇంగ్లీషు మాటకంటె ఇంపుగా తోచును. 'తీసికొను' అన్నచో చేతికి అందునంత దూరములో ఉన్నట్లు. 'తెచ్చుకొను' అన్నచో లేచి ఒకచోటికి వెళ్ళవలెను. అగ్గిపెట్టెలు అరుదైన కాలములో పొయ్యి ఆరిపోయిన ఇల్లాలు పొరుగింటికి వెళ్ళి పిడక మీద నిప్పు తెచ్చుకొనెడిది. పొరుగింట నిప్పుండవలెను, తలుపు తీసియుండవలెను. 'తెచ్చుకో' అని చెప్పువానికి తన పొయ్యిలో నిప్పున్నదో లేదో చూచుకొను బాధ్యత కూడ ఈ మాటలోనే ఉన్నది.

ఈ తెలుగు వాక్యము మనకు చేరిన కథయు అట్టిదే. 1805లో లండను మిషను వారైన క్రాన్, డేగ్రాంజ్ అను ఇద్దరు విశాఖపట్నము చేరి తెలుగు నేర్చుకొని, క్రైస్తవుడైన బ్రాహ్మణుడు ఆనందరాయరు సహాయముతో సువార్తలను తెలుగు చేయసాగిరి. 1809లో క్రాన్, 1810లో డేగ్రాంజ్ మరణించిరి. వారి తర్జుమాలోని మూడు సువార్తలు 1812లో బెంగాలులోని శ్రీరాంపూరులో అచ్చయినవి.

అక్కడ విలియం కేరీయు తెలుగు పని చేయుచుండెను. అదే 1812 మార్చి 11 సాయంకాలము శ్రీరాంపూరు ముద్రణాలయమునకు నిప్పంటుకొనెను. కేరీ అప్పుడు కలకత్తాలో కళాశాల పని మీద ఉండెను. మరునాడు మార్ష్‌మన్ వెళ్ళి వార్త చెప్పెను. కాగితపు నిల్వలు, పలు దేశభాషల అచ్చక్షరములు, ఏండ్ల తరబడి కూర్చిన వ్రాతప్రతులు బూడిదయైనవి. అందులో కేరీ వ్రాసిన తెలుగు వ్యాకరణము ఒకటి. ఆ శిథిలములను చూచి అతడు కన్నీరు కార్చెను.

శిథిలములను త్రవ్వగా అక్షరములు పోయుటకు మూలమైన ఉక్కు ముద్రలు చెడక బయటపడినవి. ప్రక్క గదిలోని యంత్రములును దక్కినవి. సమీపమున ఖాళీయైన ఒక గిడ్డంగిలోనికి పని మార్చి, కరిగిన సీసమును మరల అక్షరములుగా పోయసాగిరి. వార్త ఓడలలో ఇంగ్లండు చేరుటకు నెలలు పట్టినది. చేరిన తరువాత రెండు నెలలు గడవకమునుపే ఇంగ్లండు, స్కాట్లండుల సంఘములు సుమారు 10,000 పౌనులు కూర్చినవి. ఇక చాలును, పంపవద్దని అక్కడి కార్యదర్శి ఆండ్రూ ఫుల్లరు ప్రకటింపవలసి వచ్చెను. కేరీ తెలుగు వ్యాకరణమును మరల మొదటి నుండి వ్రాసెను. అది 1814లో అచ్చయినది; అతని తెలుగు క్రొత్త నిబంధన 1818లో.